నూనె, పసుపు, శోథము

కూర తరుగుచుండగా కత్తిపీట తగిలి వ్రేలు తెగును. కొంతసేపటికి ఆ చోటు ఎఱ్ఱబడి, వెచ్చనై, వాచి, నొప్పిపెట్టును. ఈ నాలుగు లక్షణములను సుమారు 2,000 సంవత్సరముల క్రిందటనే సెల్సస్ అను రోమను గ్రంథకర్త పేర్కొనెను. దీనినే శోథము అందురు. శోథము రోగము కాదు, శరీరము తన్ను తాను కాపాడుకొను ఏర్పాటు. రక్షకకణములు గాయమువద్దకు చేరి, లోనికి చొరబడిన సూక్ష్మజీవులను మ్రింగివేయును. పని ముగియగానే ఆ మంట చల్లారవలెను. చల్లారక ఏండ్లతరబడి రగులుచుండిన శోథము కీళ్ళను తినివేయును, రక్తనాళముల గోడలను చెడగొట్టును. మరి మనము తిను నూనెలకును, మొక్కల రంగులకును ఈ మంటతో సంబంధమేమి?

కణపు పొరలోని క్రొవ్వు

ప్రతి జీవకణము చుట్టును పలుచని పొర ఉండును. అది ముఖ్యముగా క్రొవ్వు పదార్థములతో నిర్మితమైనది. మనము తిన్న క్రొవ్వులోని ఆమ్లములే గోడలో ఇటుకలవలె ఈ పొరలో చేరును. వీనిలో కొన్నిటిని శరీరము స్వయముగా తయారుచేసికొనలేదు. క్రొవ్వు బొత్తిగా లేని ఆహారము పెట్టిన ఎలుకలు జబ్బుపడునని 1929లో అమెరికాలో బర్ దంపతులు చూపిరి.

ఇట్లు ఆహారముద్వారానే రావలసిన ఆమ్లములు రెండు కుటుంబములు: ఒమేగా-6, ఒమేగా-3. నువ్వులు, వేరుసెనగ, ప్రొద్దుతిరుగుడు నూనెలలో మొదటిదే హెచ్చు. అవిసెగింజలలోను, కవళ్ళు, కానాగంతలు వంటి సముద్రపు చేపలలోను రెండవది సమృద్ధిగా కలదు. అవిసెలోనిదానిని శరీరము చేపలలోని రూపమునకు మార్చుకొనవలెను. ఆ మార్పు స్వల్పముగనే జరుగును.

గాయమైనప్పుడు కణము తన పొరనుండి అరాకిడోనిక్ ఆమ్లమను ఒమేగా-6 ఆమ్లమును విడదీసి, దానిని ప్రోస్టాగ్లాండినులుగా మార్చును. వాపును, నొప్పిని, జ్వరమును ప్రకటించు వార్తాహరులు ఇవియే. ఆస్పిరిను అడ్డగించునది ఈ మార్పునే అని 1971లో జాన్ వేన్ కనుగొనెను. 1982లో బెర్గ్‌స్ట్రోమ్, సామ్యూల్సన్‌లతో కలిసి ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. పొరలో చేపనూనెలోని ఒమేగా-3 హెచ్చుగా చేరినచో, దానినుండి పుట్టు వార్తాహరులు బలహీనముగా నుండును. అంతేకాక, శోథమును ముగించుటకు తోడ్పడు రిసాల్విను లనునవియు దానినుండియే పుట్టును. రోజుకు సుమారు 3 గ్రాముల ఒమేగా-3 వచ్చునట్లు కొన్ని నెలలు చేపనూనె ఇచ్చి చేసిన పరీక్షలలో, కీళ్ళవాతరోగుల నొప్పి కొంత తగ్గినది. ఇంతమాత్రమున ఒమేగా-6 విషమని తలపరాదు. అదియు శరీరమునకు అవసరమే. మంటను ఆర్పు పదార్థములు కొన్ని దానినుండియు పుట్టుచున్నవి.

పసుపు చేయు పని

రక్షకకణములో ఎన్‌ఎఫ్-కప్పా-బి అను ప్రోటీను కలదు. దీనిని 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోరులు వెల్లడించిరి. మామూలు వేళ అది కేంద్రకము వెలుపల కట్టువడియుండును. అపాయము తోచగానే కట్లు తెంచుకొని కేంద్రకములోనికి పోయి, శోథమును రేపు జన్యువులను మేల్కొల్పును. పసుపునకు రంగునిచ్చు కర్క్యుమిను ఈ ప్రవేశమును నిరోధించునని, గాజుపాత్రలలో పెంచిన కణములపై చేసిన ప్రయోగములవలన 1995లో తెలిసినది. నేరేడుపండ్ల ఊదారంగు వంటి మరికొన్ని వర్ణద్రవ్యములును గాజుపాత్రలలో ఇట్టి గుణమునే చూపినవి.

కాని గాజుపాత్ర వేరు, కడుపు వేరు. కర్క్యుమిను నూనెలో కరగును గాని నీటిలో దాదాపు కరగదు. పోపులోని నూనెకు పచ్చదనము పట్టుట ఇందువలననే. ప్రేగులనుండి రక్తములోనికి చేరునది అత్యల్పము. చేరినదానిని కాలేయము త్వరగా మార్చి వెలికి పంపును. 1998లో బెంగుళూరు పరిశోధకులు కొందరికి 2 గ్రాముల కర్క్యుమినును ఇచ్చి చూడగా, రక్తములో అది కనబడీ కనబడనట్లుండెను. దానితో 20 మిల్లీగ్రాముల మిరియపు సారమును చేర్చినప్పుడు 20 రెట్లు హెచ్చినది. పసుపులో కర్క్యుమిను నూటికి సుమారు 3 పాళ్ళు మాత్రమే. అనగా 2 గ్రాములకై 60 గ్రాములకు పైగా పసుపు తినవలెను! కూరలో వేయు 3 గ్రాముల పసుపులో ఉండునది 90 మిల్లీగ్రాములే.

అందుచే అంగడిలో దొరకు కర్క్యుమిను బిళ్ళలను నమ్మి, వైద్యుడిచ్చిన కీళ్ళ మందులను మానుట ప్రమాదకరము. మందు మానినచో నొప్పి తెలియని దినములలో గూడ కీలు అరుగుచునే యుండును. ఒకసారి అరిగిన ఎముకను ఏ ఆహారమును తిరిగి నింపజాలదు. మిరియపు సారము ఇతర ఔషధములను సైతము రక్తములో హెచ్చుకాలము నిలుపవచ్చును. హెచ్చు మోతాదు బిళ్ళలవలన కాలేయము దెబ్బతిన్న సందర్భములును కలవు.

వారమునకు రెండుమార్లు సముద్రపు చేప, చేప తిననివారు అవిసెపొడి, రంగురంగుల కూరగాయలు, పండ్లు, ఎప్పటివలె కూరలో పసుపు, ఇవి ఎవరికైనను మేలైన భోజనము. అది మందుకు తోడు కాగలదు గాని బదులు కాజాలదు.