శ్రీశైలం రోడ్డు మీద అణు ఒప్పందం

తుక్కుగూడ దాటి మంఖాల్ మీదుగా సాగే శ్రీశైలం రోడ్డు కల్వకుర్తి, అచ్చంపేటల మీదుగా నల్లమల ఎక్కుతుంది. 2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైంది. ఆ ఏడాది ఈ చుట్టుపక్కల ఊళ్లలో భూమి ధర, రుణమాఫీ తప్ప మరో మాట వినబడేది కాదు. జూలై 22న ఢిల్లీలో మన్మోహన్ సింగ్ ప్రభుత్వం బలపరీక్షకు నిలిచింది. ఇదే రోడ్డు వెళ్లే నాగర్‌కర్నూల్ తెలుగుదేశం ఎంపీ మందా జగన్నాథం పార్టీ విప్‌ను కాదని ప్రభుత్వానికి ఓటేశారు. చిత్తూరు ఎంపీ ఆదికేశవులు నాయుడూ అదే పని చేశారు. తెలుగుదేశానికి లోక్‌సభలో ఉన్నదే ఐదుగురు.

గొడవ అమెరికాతో అణు ఒప్పందం మీద. మన దేశంలో విదేశీ ఒప్పందానికి పార్లమెంటు ఆమోదం అక్కర్లేదు. మంత్రివర్గం తలచుకుంటే సంతకం పడుతుంది. ప్రతిపక్షం చర్చ అడగగలదు, ఆపలేదు. ఆపాలంటే ప్రభుత్వాన్నే దించాలి. కాగితం మీది షరతులపై మొదలైన వాదం సభలో తలల లెక్కగా మారింది ఇందుకే. తలల లెక్కలో చిన్న పార్టీ నలిగిపోతుంది. వామపక్షాలు మద్దతు ఉపసంహరించాయి. మూడో కూటమిలో తెలుగుదేశం అధినేత చంద్రబాబు పక్కనే నడిచిన సమాజ్‌వాదీ పార్టీ రాత్రికి రాత్రే ప్రభుత్వం వైపు వెళ్లింది. ప్రభుత్వం 275–256తో గట్టెక్కింది. అక్టోబరులో వాషింగ్టన్‌లో సంతకాలూ అయిపోయాయి.

ఒప్పందాన్ని ఎదిరించిన తెలుగుదేశానికి మిగిలిందేమిటి? 2004లో కాంగ్రెస్‌తో ఉన్న సీపీఐ, సీపీఎం 2009లో మహాకూటమిలోకి వచ్చాయి. బీజేపీతో అంటకాగిన పార్టీ అన్న ముద్ర కొంత చెరిగింది. అది చిన్న లాభం కాదు. కానీ ఓట్ల పెట్టె వేరే కథ చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో కాంగ్రెస్‌కు 156, తెలుగుదేశానికి 92. తెలుగుదేశం పార్లమెంటరీ పార్టీ నేత ఎర్రన్నాయుడు శ్రీకాకుళంలో ఓడిపోయారు. జగన్నాథం కాంగ్రెస్ టికెట్ మీద నాగర్‌కర్నూల్‌లో మళ్లీ గెలిచారు. వామపక్షాలు లోక్‌సభలో 59 నుంచి 24కు పడిపోయాయి. ఇదంతా అణు ఒప్పందం వల్లే అనడం తప్పు. ముఖ్యమంత్రి వైఎస్ పథకాలు, కొత్త పార్టీ ప్రజారాజ్యం చీల్చిన ఓట్లు, బెంగాల్లో నందిగ్రామ్ భూసేకరణ గొడవ పెద్ద కారణాలు. ఒప్పందాన్ని ఎదిరించినందుకు అదనంగా ఓటు పడలేదన్నది మాత్రం నిజం.

నా దృష్టిలో అసలు లోపం వేరే ఉంది. హైదరాబాద్‌లోనే అణు ఇంధన సముదాయం ఉంది. అప్పట్లో దేశంలో యురేనియం చాలక రియాక్టర్లు పూర్తి సామర్థ్యంతో నడవలేదు. ఒప్పందం తరువాత 2009లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన యురేనియం ఇక్కడికే చేరింది. మరి ఇంధనం ఎక్కడి నుంచి తేవాలి అన్న ప్రశ్నకు ఎదిరించినవారి దగ్గర సూటి జవాబు లేదు. సార్వభౌమత్వం పెద్ద మాటే. మంఖాల్ రైతుకు దాన్ని కరెంటుతోనో, భూమితోనో ముడిపెట్టి చెప్పే బాధ్యత ప్రతిపక్షానిది. వాళ్లు చెప్పలేదు.

అయినా ప్రతిఘటన వృథా పోలేదు. 2010లో అణు నష్టపరిహార చట్టం వచ్చినప్పుడు బీజేపీ, వామపక్షాలు పట్టుబట్టడంతో, లోపభూయిష్టమైన యంత్రం అమ్మిన కంపెనీ మీదా పరిహారం కోసం వెళ్లే వీలు అందులో చేరింది. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తరువాత ఈ దేశానికి అది అత్యవసరం. ఆ ఒక్క నిబంధన విదేశీ కంపెనీలను ఏళ్ల తరబడి వెనక్కి లాగింది. లాభం పార్టీల ఖాతాలో పడలేదు, జనం ఖాతాలో పడింది.

2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ మాట రాగానే ఇదే రోడ్డు చివర అమ్రాబాద్, అచ్చంపేట కదిలాయి. ఒప్పందం చేసిన కాంగ్రెస్ ఈసారి ప్రతిపక్షంలో ఉండి ముందు వరుసలో నిలిచింది. తవ్వకం వేరు, అంతర్జాతీయ ఒప్పందం వేరు, నిజమే. కానీ అడవి, తాగే నీరు, చెంచు గిరిజనుల పెంటలు కళ్లముందున్నాయి. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. అంతకు పదకొండేళ్ల కిందట ఢిల్లీలో తెలుగుదేశం ఐదుగురిని ఒక్కతాటి మీద నిలపలేకపోయిన అణు వ్యతిరేకత, ఇక్కడ అన్ని పార్టీలనూ ఒక్కచోట నిలబెట్టింది.