మీకు తెలుసా? నెట్‌వర్క్ కేబుల్‌కు రేకు కవచం

కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్ పై తొడుగు ఒలిస్తే నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగుల్లో నాలుగు జతల రాగి తీగలు కనిపిస్తాయి. ప్రతి జతా మెలిపెట్టే ఉంటుంది. బయటి విద్యుత్ రొద జతలోని రెండు తీగలపైనా దాదాపు సమానంగా పడుతుంది. అందుకునే పరికరం రెండింటి మధ్య తేడానే చదువుతుంది కనుక ఆ రొద లెక్కలోకి రాదు. ఈ ఉపాయానికి అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1881లోనే టెలిఫోన్ కోసం పేటెంటు పొందాడు. నాలుగు జతల మెలికలూ ఒకే బిగువున ఉండవు. ఉంటే ఒక జత మాట పక్క జతకు వినిపిస్తుంది.

షీల్డెడ్ కేబుల్‌లో వీటిపై అల్యూమినియం రేకో, అల్లిన తీగల వలో అదనం. దుత్తలూరు వంటి మెట్ట ప్రాంతంలో బోరు మోటారు, స్టార్టరు, వెల్డింగ్ మిషను పక్కగా కేబుల్ లాగాల్సి వస్తే పనికొచ్చేది ఇదే. మామూలు ఇంటికి దండగ ఖర్చు. రేకు వెంట సాగే సన్నటి బోడి తీగ, కనెక్టరు లోహపు తొడుగు ద్వారా ఎర్తుకు చేరాలి. లేకపోతే కవచమే ఏరియల్‌లా రొదను పట్టవచ్చు. షీల్డు ఉన్నా సాధారణ ఈథర్నెట్‌కు 100 మీటర్లే హద్దు. ఆపైన మేలైన దారి ఫైబరే. ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా లాగింది దాన్నే. అందులో పోయేది వెలుతురు గనుక పక్కనున్న కరెంటు తీగల రొద దానికి అంటదు.