పాదుషా కోసం పొగగొట్టం

పదిహేడో శతాబ్దిలో మొగల్ సామ్రాజ్యానికి ముఖ్యమైన సముద్రద్వారం సూరత్. ఎర్రసముద్రం నుంచి, సుమత్రా దీవిలోని ఆచే నుంచి సరుకులు ఈ రేవుకు చేరేవి. మక్కా యాత్రికులు ఇక్కడే ఓడ ఎక్కేవారు. ఇటువంటి సముద్ర వర్తకమే అక్బరు పాదుషా ముందుకు వచ్చిన ఒక అపురూపమైన పొగగొట్టానికి సామగ్రి సమకూర్చింది.

దానిని చేయించినవాడు అసద్ బేగ్ అనే రాజోద్యోగి. రాయబారిగా బీజాపూరు వెళ్లినప్పుడు ఆయనకు అక్కడ పొగాకు కనిపించింది. 1604 ప్రాంతంలో తిరిగివస్తూ కొంత వెంట తెచ్చాడు. అయితే ఎండుటాకును పాదుషాకు ఊరికే సమర్పించడమెలా? అందుకు తగిన సరంజామా సిద్ధం చేయించాడు. గొట్టానికి ఆచే నుంచి వచ్చిన శ్రేష్ఠమైన కాడను ఎంచుకున్నాడు. దాని పొడవు మూడు మూరలు. రెండు కొనలకూ రత్నాలు తాపించి, మీనాపని చేయించాడు. నోట పెట్టుకునే చోట కోలగా ఉన్న యెమెన్ అకీకు రాయిని బిగించాడు. నిప్పుకు బంగారు పాత్ర. ఆకుకు బీజాపూరు సుల్తాను బహూకరించిన తాంబూలపు సంచి. గొట్టం దాచేందుకు ఊదారంగు మఖమలు తొడిగిన వెండి ఒర. అన్నిటినీ వెండి పళ్లెంలో అందంగా అమర్చాడు. ఈ వివరాలన్నీ ఆయన స్వయంగా రాసిపెట్టినవే. ఆ పనివారి పేర్లు మాత్రం ఆ వర్ణనలో లేవు.

పళ్లెం చూసి అక్బరు ఇదేమిటని అడిగాడు. మక్కా, మదీనాలలో అందరూ ఎరిగిన పొగాకేనని ఖాన్-ఎ-ఆజం చెప్పాడు. రాజవైద్యుడు వద్దని వారించాడు. తెచ్చినవాని మనసు నొప్పించరాదని పాదుషా రెండు మూడు దమ్ములు పీల్చాడు. గ్రంథాలలో లేని, పరీక్షకు నిలవని మందు ఇది అన్నది వైద్యుని వాదన. యూరపువారు పరీక్షించకుండానే వాడుతున్నారా అని అసద్ బేగ్ ఎదురు ప్రశ్న. గ్రంథాలలో లేదన్న కారణంతో కొత్తదానిని తోసిపుచ్చరాదని అక్బరు తీర్పు. అయినా ఆయన ఆ అలవాటు చేసుకోలేదు. ప్రభువులు మాత్రం కబుర్లు పంపి మరీ పొగాకు తెప్పించుకున్నారు. వర్తకులు అమ్మకాలు సాగించారు.

1613 నాటికే సూరత్ పరిసర గ్రామాలలో పొగాకు పండుతున్నది. 1617లో జహంగీరు నిషేధించాడు, ఫలితం లేకపోయింది. నచ్చినట్లు హుక్కా చేయించుకోవడం క్రమంగా హోదాకు గుర్తు అయింది. బీదరు పనివారు జింకు మిశ్రలోహంతో హుక్కాల నీటిపాత్రలు పోతపోసి, వెండి పొదిగి, కోటమట్టితో నలుపెక్కించి ఇచ్చేవారు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో నేటికీ బిద్రీ హుక్కాలను చూడవచ్చు.

రాజవైద్యుని సందేహమే న్యాయమైనదని ఆధునిక వైద్యశాస్త్రం నిరూపించింది. కాని ఆనాడు ఆయన చేతిలో రుజువు లేదు. పాదుషా ఎదుట మాత్రం రత్నాలు తాపిన గొట్టం ఉంది.