మీకు తెలుసా? ఉదయగిరి నుంచి హంపికి తరలిన బాలకృష్ణుడు

ఆత్మకూరుకు వాయవ్యాన ఉన్న ఉదయగిరి దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు సుదీర్ఘ ముట్టడి తరువాత 1514లో ఒడిశా రాజు ప్రతాపరుద్ర గజపతి సేనల నుంచి గెలుచుకున్నాడు. కోటతోపాటు అక్కడి బాలకృష్ణ విగ్రహాన్నీ తన రాజధాని విజయనగరానికి (నేటి హంపికి) తరలించాడు. దానికోసం హంపిలో కృష్ణాలయం కట్టించి, 1515లో ప్రతిష్ఠ చేయించాడు.

రాయలు, గజపతి ఇద్దరూ వైష్ణవ భక్తులే. కాబట్టి ఈ యుద్ధం మతాల మధ్య పోరు కాదు. ఓడిన రాజ్యపు దైవాన్ని తెచ్చి తన రాజధానిలో పూజించడం గెలిచిన రాజు అధికారాన్ని లోకానికి చాటేది. 11వ శతాబ్దంలో చాళుక్యుల రాజధాని కల్యాణిని కొల్లగొట్టిన రాజాధిరాజ చోళుడు కూడా అక్కడి ద్వారపాలక శిల్పాన్ని తమిళదేశానికి తెచ్చి, దానిపై విజయశాసనం చెక్కించాడు.

ఉదయగిరి బాలకృష్ణ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.