స్టీరియోకు ముందు ఎర్తు చూసుకోవాలి

బాపట్ల: ఇంట్లో స్టీరియో సెట్టు పెట్టుకోవడం పల్లెల్లో కొత్త సంగతి కాదు. కంపెనీ సెట్టు కొనే స్తోమత లేనివారు రేపల్లె, బాపట్ల, చీరాల వంటి ఊళ్ళలో మెకానిక్కు చేత ఆంప్లిఫయరు కట్టించుకుని, రెండు స్పీకరు పెట్టెలు తగిలిస్తారు. ఖర్చు తక్కువ, మోత ఎక్కువ. అయితే పాట వస్తోందా లేదా అని చూసినంత శ్రద్ధగా ఎర్తు ఉందా లేదా అని చూసేవారు తక్కువ. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే.

మూడో పిన్ను ఎందుకు?

ఇలా కట్టించిన ఆంప్లిఫయరు సాధారణంగా రేకు పెట్టెలో ఉంటుంది. లోపలి ట్రాన్స్‌ఫార్మరుకు 230 వోల్టుల కరెంటు వస్తుంది. వేడికో, తేమకో, ఎలుక కొరికినందువల్లనో తీగ మీది తొడుగు పోయి రేకును తాకితే పెట్టె మొత్తానికి కరెంటు పాకుతుంది. పాట మాత్రం మామూలుగానే వస్తూ ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. తడి చేతులతో, వట్టి కాళ్ళతో వచ్చి వాల్యూం తిప్పినవారికి షాకు కొడుతుంది.

ప్లగ్గులో లావుగా, పొడుగ్గా ఉండే మూడో పిన్ను దీనికి విరుగుడు. రేకు పెట్టెను ఆకుపచ్చ తీగ ద్వారా భూమికి కలిపేది అదే. ఎర్తు బాగుంటే దారి తప్పిన కరెంటు భూమిలోకి పోయి ఫ్యూజు ఎగిరిపోతుంది. ఆ పిన్ను విరిచేసినా, రెండు పిన్నుల ప్లగ్గు వేసినా ఆ రక్షణ పోయినట్టే. కంపెనీ సెట్లలో కొన్నింటికి రెండు పిన్నులే వస్తాయి. వెనుక ఒక చదరంలో మరో చదరం గుర్తు ఉంటే వాటికి ఎర్తు అక్కరలేదు.

పేరుకే ఎర్తు

బోర్డులో మూడు రంధ్రాలున్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. కొన్ని ఇళ్ళలో పై రంధ్రానికి అసలు తీగే ఉండదు. కొందరు గుంత ఖర్చు తప్పించుకోవడానికి సాకెట్టులోనే న్యూట్రలును ఎర్తుకు కలిపేస్తారు. ఇది మరీ ప్రమాదం. న్యూట్రలు తీగ ఎక్కడైనా తెగితే ఏ లోపమూ లేని సెట్టు పెట్టెకు కూడా కరెంటు వస్తుంది.

తీరం వెంట ఇసుక నేలల్లో ఎండాకాలం తేమ ఇంకిపోయి ఎర్తు బలహీనపడుతుంది. బొగ్గు, ఉప్పు వేసిన గుంతలో ఆ రోజుల్లో తరచు నీళ్ళు పోయాలి. లైసెన్సున్న ఎలక్ట్రీషియను చేత ఏటా ఒకసారి పరీక్ష చేయించాలి. మీటరు దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే, ఫ్యూజు పోనంత చిన్న లీకేజీకి కూడా కరెంటు ఆగిపోతుంది. ఫ్యూజు పోయినప్పుడు లావు తీగ చుట్టడం మానుకోవాలి.

బిగించేటప్పుడు

స్పీకరు తీగలు ప్లగ్గు తీశాకే కలపాలి. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు. 8 ఓముల స్పీకర్లు రెండింటిని ఒకే చానలుకు పేరలల్‌గా కలిపితే 4 ఓములవుతుంది. 8 ఓములకు కట్టిన ఆంప్లిఫయరు అప్పుడు వేడెక్కి కాలిపోవచ్చు. పెట్టె మీద గుడ్డ కప్పకూడదు, గాలి రంధ్రాలు గోడకు ఆనకూడదు. ప్లగ్గు తీసినా లోపలి కండెన్సర్లలో కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది కనుక మూత విప్పడం మెకానిక్కుకే వదలాలి. మబ్బు పట్టి ఉరుములు మొదలయ్యేలోగా ప్లగ్గు పీకేయాలి.

మోతకూ హద్దు ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి. పక్కింట్లో పసిపిల్లలు, పరీక్షలకు చదివేవారు ఉంటారని గుర్తుంచుకోవాలి.

కొత్తగా సెట్టు కట్టించుకునేవారు మూడు పిన్నుల తీగ వేయమని, ఆకుపచ్చ తీగను రేకుకు స్క్రూతో గట్టిగా బిగించమని మెకానిక్కును ముందే అడగాలి. ఇంట్లో ఎర్తు లేకపోతే ముందు గుంత తవ్వించి, ఆ తరువాతే సెట్టు తెచ్చుకోవాలి.