శిష్యుణ్ణి బలి కోరే గురువు

'పాతాళ భైరవి' వచ్చి డెబ్బై ఏళ్లు దాటింది. 1951 మార్చి 15న విడుదలైన ఆ సినిమాను ఇప్పటికీ ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తారంటే సాధారణంగా రెండు కారణాలు చెబుతారు: మార్కస్ బార్‌ట్లే కెమెరా మాయలు, నేపాళ మాంత్రికుడిగా ఎస్వీ రంగారావు నటన. రెండూ నిజమే. కానీ దర్శకుడు కె.వి.రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు చెప్పిన ఆ కథకు ప్రాణం మంత్రంలో లేదు. ఎవరిని గురువుగా నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి అన్న ప్రశ్నలో ఉంది. ఆ ప్రశ్నను పిల్లలకు తెలిసేలా ఇంత సూటిగా వేసిన తెలుగు సినిమా మరొకటి లేదని నా అభిప్రాయం. మంత్రాల నెపంతో మనుషుల్ని చంపిన వార్తలు ఇంకా వినబడుతున్న కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలకు ఆ ప్రశ్న మరీ అవసరం.

కథనే చూడండి. ఉజ్జయినిలో తోటమాలి కొడుకు రాముడు రాజకుమారిని ప్రేమించాడు. రాజుకు సాటివచ్చే సంపద తెస్తేనే పెళ్లి. సరిగ్గా ఆ అవసరం దగ్గరే మాంత్రికుడు దొరుకుతాడు. దారి చూపే పెద్దలా మాట్లాడతాడు, 'డింభకా' అని పిలుస్తాడు, ధైర్యం నూరిపోస్తాడు. చెప్పనిదల్లా ఒక్కటే: పాతాళ భైరవి దేవికి బలి ఇవ్వడానికే అతణ్ణి తీసుకెళ్తున్నానని. స్నానానికి దిగిన రాముడి మీద పడ్డ మొసలి, అతని చేతిలో శాపం తీరి అసలు సంగతి బయటపెడుతుంది. ఇక్కడ రాముణ్ణి కాపాడింది కండబలం ఒక్కటే కాదు. విన్న మాటను లెక్కలోకి తీసుకుని, అంతదాకా నమ్మిన మనిషిని మళ్లీ తూచి చూడగలగడం. దీనికి పక్కనే మాంత్రికుడి శిష్యుడు సదాజపుణ్ణి పెట్టారు. ఆ పాత్రను చాలామంది హాస్యం కిందే చూస్తారు కానీ, నా దృష్టిలో కథకు అతనే కీలకం. ఎదురు ప్రశ్న వేయని శిష్యుడు. రాముడి చేతిలో తల తెగిన గురువును మూలికతో తిరిగి బతికించేది అతనే. కీడు రెండోసారి లేచి కూర్చోవడానికి ఆ గుడ్డి భక్తే కారణం.

ఈ సినిమాకు మూలాల్లో ఒకటి మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీ మజిలీ కథలు'. అందులో మణిసిద్ధుడనే యతి వెంట కాశీకి బయలుదేరిన పశువుల కాపరి కుర్రాడు ముందే షరతు పెడతాడు: మజిలీ మజిలీకీ ఒక కథ చెప్పాలి. దారిలో కనబడ్డ ప్రతి వింతకూ కారణం అడుగుతాడు, గురువు విసుక్కోకుండా చెబుతాడు. ఆ గురువు ప్రశ్న మీదే బతుకుతాడు. మాంత్రికుడు ప్రశ్న లేనిచోటే బతుకుతాడు. నేటి పిల్లలు ఇష్టపడే హ్యారీ పాటర్ కథలోనూ ఇదే చిక్కు ఉంది. గురువు డంబుల్‌డోర్ అంతటివాడు కూడా హ్యారీ దగ్గర నిజం దాచి తప్పు చేశానని ఒప్పుకోవలసి వచ్చింది.

సినిమాలో మంత్రం నిజంగానే పారుతుంది కదా, అది మూఢనమ్మకాన్ని పెంచదా అని అడగవచ్చు. కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదిది. 2022 జనవరిలో జగిత్యాలలో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకుల్నీ మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతోనే చంపారు. బాణామతి, చేతబడి అన్న మాటలు ఇక్కడ ఉత్త కథలు కావు, ప్రాణాలు తీసే నిందలు. అయితే ఆ నింద పడే మనిషికీ తెర మీది మాంత్రికుడికీ పోలికే లేదు. తెర మీదివాడు అధికారం కోసం ఇతరుల్ని వాడుకునే బలవంతుడు. ఊళ్లో నింద మోసేది తనను తాను కాపాడుకోలేని ఇరుగుపొరుగు మనిషి. నిజానికి మాంత్రికుడికి దగ్గరగా ఉండేది, జబ్బుకు కారణం ఫలానా ఇంటివాళ్లేనని వేలు చూపించి డబ్బు గుంజే భూతవైద్యుడు. ఈ తేడా పిల్లలు తమంతట తాము పట్టుకోలేరన్నది ఒప్పుకోవాలి. పక్కన కూర్చుని మాట్లాడే పెద్దలు కావాలి.

అందుకని ఇలాంటి సినిమాలు వద్దనుకోవడం పొరపాటు. జానపద సినిమా కరీంనగర్ ప్రాంతానికి పరాయిదీ కాదు. ఇక్కడి హనుమాజీపేటలో పుట్టిన సి.నారాయణరెడ్డి సినిమా కవిగా అడుగుపెట్టిందే 1962 నాటి 'గులేబకావళి కథ'తో, అందులో పాటలన్నీ ఆయనవే. సినిమా ఒక్కటే హత్యల్ని ఆపదు. జ్వరం వచ్చినప్పుడు దగ్గర్లో డాక్టరుండాలి, చట్టముండాలి. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇందుకోసం ప్రత్యేక చట్టాలు చేశాయి. తెలంగాణ కూడా చేయాలి. ఈలోగా బడుల్లో టీచర్లు చేయగలిగింది ఒకటుంది. 'పాతాళ భైరవి' వేసి, రాముణ్ణి బలికి తీసుకెళ్లే గుహ ఘట్టం దగ్గర ఆపి, ఈ మాంత్రికుణ్ణి నువ్వైతే ఏమడిగేవాడివి, ఏమడిగేదానివి అని ఒక్కొక్కరి చేతా చెప్పించండి.