16 జీబీ ర్యామ్ వేస్తే 8 జీబీయే వాడుతోందా? కొత్తది కొనే ముందు ఇది చదవండి

"అన్నయ్యా, కొత్త ర్యామ్ వేశాను. అయినా సిస్టమ్ ఎప్పటిలాగే హ్యాంగ్ అవుతోంది."

దసరాకి తెనాలి బయల్దేరడానికి రెండు రోజుల ముందు తమ్ముడి నుంచి వచ్చిన ఫోన్ ఇది. వాడు బీటెక్ ఫైనలియర్. ఇంట్లో ఉన్నది నేను బీటెక్‌లో ఉండగా కొన్న డెస్క్‌టాప్. 8వ తరం ఐ5 ప్రాసెసర్, హెచ్310 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్. ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి, పక్కన ఎమ్యులేటర్ కూడా నడిపితే మౌస్ కూడా కదలనంటుంది. అందుకే ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో ఇంకో 8 జీబీ స్టిక్ కొన్నాడు.

వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపించాడు. ఇన్‌స్టాల్డ్ ర్యామ్ 16 జీబీ అని ఉంది. దాని పక్కనే బ్రాకెట్‌లో యూజబుల్ 7.9 జీబీ అని ఉంది. అంటే మెమొరీ ఉంది, కానీ లేదు!

ఊళ్లో ఒక సర్వీస్ షాపులో చూపిస్తే "బోర్డు పోయింది, మార్చాలి, 6 వేలవుతుంది" అన్నారట. దసరా అయిపోగానే ప్రాజెక్ట్ రివ్యూ ఉంది కాబట్టి నాన్న డబ్బులు ఇచ్చేయడానికి సిద్ధమైపోయారు. "నేను వచ్చేదాకా ఎవరికీ రూపాయి ఇవ్వొద్దు నాన్నా" అని చెప్పి బస్సెక్కాను.

ఈ సమస్య చాలామందికి వస్తుంది. రాగానే ర్యామ్ పోయిందనో, బోర్డు పోయిందనో అనేసుకుంటాం. నిజానికి ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మెమొరీని చూడలేకపోతున్నది ఎవరు? విండోసా, బయోసా, ప్రాసెసరా? అది తేలితే సగం పని అయిపోయినట్టే.

ముందు ఆ రెండు నంబర్లు అర్థం చేసుకోండి

సెట్టింగ్స్‌లో సిస్టమ్, తర్వాత అబౌట్ తెరిస్తే ఇన్‌స్టాల్డ్, యూజబుల్ అని రెండు అంకెలు కనిపిస్తాయి. ఈ రెండూ వేర్వేరు దారుల్లో వస్తాయని చాలామందికి తెలియదు.

ప్రతి ర్యామ్ స్టిక్ మీద ఎస్‌పీడీ అనే చిన్న చిప్ ఉంటుంది. తన సైజు, స్పీడ్, తయారీ వివరాలు అన్నీ అందులో రాసి ఉంటాయి. బయోస్ ఈ చిప్‌ని రెండు మూడు సన్నని విడి లైన్ల ద్వారా చదువుతుంది. అసలు డేటా వెళ్లే లైన్లు వేరు. అవి ప్రాసెసర్ నుంచి నేరుగా స్లాట్‌కి వస్తాయి. ఎస్‌పీడీ బాగానే చదివి, డేటా లైన్లలో ఏదైనా తెగితే స్టిక్ ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ వాడుకోవడానికి రాదు.

మన కాలేజీ భాషలో చెప్పాలంటే ప్రాక్సీ అటెండెన్స్. రిజిస్టర్‌లో పేరుంది, బెంచీ మీద మనిషి లేడు.

ఇప్పుడు మీ అంకెలు వీటిలో ఏ రకమో చూసుకోండి.

• ఇన్‌స్టాల్డ్ అంకే తక్కువగా ఉంటే, బోర్డుకి ఆ స్టిక్ అసలు కనిపించట్లేదు. స్టిక్ సరిగ్గా కూర్చోకపోవడం, స్లాట్ పాడవడం, బోర్డుకి సరిపడని స్టిక్, వీటిలో ఏదో ఒకటి.

• ఇన్‌స్టాల్డ్ సరిగ్గా ఉండి, యూజబుల్ కొద్దిగా తగ్గితే కంగారు వద్దు. గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లో ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ ఈ ర్యామ్‌లోంచే కొంత తీసుకుంటుంది. రైజెన్ జీ సిరీస్ ప్రాసెసర్లలో 512 ఎంబీ నుంచి 2 జీబీ దాకా అలా పోవడం మామూలే. కావాలంటే బయోస్‌లో యూఎంఏ ఫ్రేమ్ బఫర్ సైజు తగ్గించుకోవచ్చు.

• ఇన్‌స్టాల్డ్ సరిగ్గా ఉండి, యూజబుల్ సగానికి సగం పడిపోతే అసలు సమస్య అదే. మా ఇంట్లో జరిగింది ఇదే.

విండోస్ వైపు చూడాల్సినవి

కేస్ విప్పకముందే ఐదు నిమిషాల్లో అయిపోయే పనులు ఇవి.

1. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో మెమొరీ మీద నొక్కితే కింద స్లాట్స్ యూజ్డ్, హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ అని కనిపిస్తాయి. మా సిస్టమ్‌లో రెండు స్లాట్లూ వాడుతున్నట్టే చూపించింది. కానీ హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ 8.1 జీబీ! గ్రాఫిక్స్ అంత తినదు.

2. విండోస్ 64 బిట్‌దేనా చూడండి. 32 బిట్ అయితే మొత్తం అడ్రస్‌లే 4 జీబీకి సరిపడా ఉంటాయి. అందులోనూ గ్రాఫిక్స్ లాంటి వాటికి కొన్ని అడ్రస్‌లు పోతాయి కాబట్టి మనకి మిగిలేది 3 నుంచి 3.5 జీబీ. ఎన్ని స్టిక్‌లు వేసినా అంతే.

3. పాత సిస్టమ్ అయితే ఎడిషన్ కూడా చూడాలి. 64 బిట్ విండోస్ 7 హోమ్ బేసిక్‌కి పరిమితి 8 జీబీ, హోమ్ ప్రీమియంకి 16 జీబీ. విండోస్ 10, 11 హోమ్ ఎడిషన్లకి 128 జీబీ దాకా ఉంది కాబట్టి అక్కడ ఈ గొడవ లేదు.

4. స్టార్ట్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ అని టైప్ చేసి, బూట్ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరవండి. మ్యాగ్జిమమ్ మెమొరీ అనే పెట్టెలో టిక్ ఉంటే తీసేసి రీస్టార్ట్ చేయండి. "పీసీ స్పీడ్ పెంచే ట్రిక్" అని ఏదో వీడియో చూసి ఇక్కడ టిక్ పెట్టి మర్చిపోయేవాళ్లు చాలామంది. నిజానికి ఆ పెట్టె స్పీడ్ పెంచదు, ఉన్న మెమొరీకి తాళం వేస్తుంది.

తమ్ముడి సిస్టమ్‌లో ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయి.

బయోస్ ఏమంటోంది?

రీస్టార్ట్ చేసి డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కితే బయోస్ వస్తుంది. మొత్తం మెమొరీ ఎంతని చూపిస్తోందో చూడండి. ఇదే సరిహద్దు. బయోస్‌లో పూర్తిగా కనిపించి విండోస్‌లో తగ్గితే, తప్పు సాధారణంగా విండోస్ వైపే. పాత బోర్డుల్లో మాత్రం మెమొరీ రీమ్యాప్ అనే ఆప్షన్ ఆఫ్‌లో ఉన్నా ఇలాగే అవుతుంది, దాన్ని ఆన్ చేయండి. బయోస్‌లోనే తక్కువ కనిపిస్తే, విండోస్ ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా ఉపయోగం లేదు.

మా బయోస్‌లో రెండు స్లాట్ల ఎదురుగా 8 జీబీ, 8 జీబీ అని ఉంది. మొత్తం దగ్గర మాత్రం 8192 ఎంబీ. మళ్లీ అదే ప్రాక్సీ. అంటే విండోస్ తప్పేం లేదు, స్క్రూడ్రైవర్ తీయాల్సిందే.

బయోస్‌లో ఉన్నప్పుడే ఎక్స్‌ఎంపీ లేదా ఓవర్‌క్లాక్ ఏదైనా ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి చూడండి. కొన్ని స్టిక్‌లు ఎక్కువ స్పీడ్‌లో నిలబడవు. బయోస్ అప్‌డేట్ కూడా కొన్నిసార్లు పనిచేస్తుంది. కాకపోతే మధ్యలో కరెంటు పోతే బోర్డే చచ్చిపోవచ్చు, యూపీఎస్ లేకుండా ఆ పని పెట్టుకోవద్దు.

స్టిక్‌లు మార్చి చూసే పరీక్ష

స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి. కేస్ ఇనప భాగాన్ని ఒకసారి ముట్టుకుంటే ఒంట్లో ఉన్న స్టాటిక్ పోతుంది. స్టిక్ తీసి, బంగారు రంగు అంచుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. స్లాట్‌లో దుమ్ము ఉంటే బ్రష్‌తో తీసేయండి. తిరిగి పెట్టేటప్పుడు టక్కుమని క్లిప్ పడేదాకా రెండు వైపులా సమానంగా నొక్కాలి. సగం కేసులు ఇక్కడే బాగైపోతాయి.

నాలుగు స్లాట్ల బోర్డు అయితే, రెండు స్టిక్‌లు వేసేటప్పుడు సాధారణంగా ప్రాసెసర్ దగ్గర నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. మీ బోర్డు మాన్యువల్‌లో ఒకసారి చూసుకోండి.

అప్పటికీ కుదరకపోతే ఒక్కో స్టిక్‌ని ఒంటరిగా ఒక్కో స్లాట్‌లో పెట్టి ఆన్ చేయండి. రెండు స్టిక్‌లు, రెండు స్లాట్లు కాబట్టి నాలుగే ప్రయత్నాలు. ఫలితం కాగితం మీద రాసుకోండి.

• ఒక స్టిక్ ఏ స్లాట్‌లోనూ పనిచేయకపోతే అనుమానం స్టిక్ మీద. వారంటీలో మార్పించుకోండి.

• ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్ పనిచేయకపోతే స్టిక్‌లు బాగున్నట్టే. తప్పు స్లాట్‌లోనో, దాని వెనకాలో ఉంది.

మా దగ్గర పాత స్టిక్, కొత్త స్టిక్ రెండూ మొదటి స్లాట్‌లో చక్కగా పనిచేశాయి. రెండో స్లాట్‌లో ఏది పెట్టినా డిస్‌ప్లేనే రాలేదు. తమ్ముడి మొహం వాడిపోయింది. "చూశావా అన్నయ్యా, షాపతను చెప్పింది నిజమే."

స్లాట్ వెనక ఎవరున్నారు?

ఒకప్పుడు మెమొరీ కంట్రోలర్ మదర్‌బోర్డు మీద వేరే చిప్‌లో ఉండేది. ఇప్పుడది ప్రాసెసర్ లోపలే ఉంటుంది. మా బోర్డు సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151. అంటే సాకెట్‌లో 1151 సన్నని పిన్నులుంటాయి, ప్రాసెసర్ వాటి మీద కూర్చుంటుంది. ప్రాసెసర్‌కి రెండు మెమొరీ చానెళ్లు, ఒక్కో చానెల్‌కి ఒక్కో స్లాట్. ఆ చానెల్ తాలూకు పిన్నుల్లో ఒక్కటి ప్రాసెసర్‌కి సరిగ్గా ఆనకపోయినా ఆ స్లాట్ మొత్తం చచ్చినట్టే.

ఇది గుర్తురాగానే నా చూపు కూలర్ మీదకి వెళ్లింది. దాని నాలుగు పుష్ పిన్నుల్లో ఒకటి లాక్ అవ్వలేదు. కూలర్ ఒక మూల కొద్దిగా పైకి లేచి ఉంది. గుర్తొచ్చింది: మొన్న వేసవిలో సిస్టమ్ వేడెక్కుతోందంటే థర్మల్ పేస్ట్ మార్చింది నేనే. అప్పట్లో ఉన్నది ఒకటే స్టిక్, అది మొదటి స్లాట్‌లో ఉంది. రెండో చానెల్ పోయిన సంగతి కొత్త స్టిక్ వచ్చేదాకా బయటపడలేదు. తప్పు కొత్త ర్యామ్‌ది కాదు, బోర్డుది కాదు. నాది.

కూలర్ తీసి, పాత పేస్ట్ తుడిచి, ప్రాసెసర్ ఎత్తి, ఫోన్ టార్చ్‌తో సాకెట్ చూశాను. పిన్నులేవీ వంగలేదు. ప్రాసెసర్‌ని మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టి, కొత్త పేస్ట్ వేసి, పుష్ పిన్నుల్ని ఎదురెదురు మూలల వరసలో నొక్కాను. ఈసారి నాలుగు టక్కులు లెక్కపెట్టుకున్నాను.

ఆన్ చేస్తే యూజబుల్ 15.9 జీబీ.

ఆ రాత్రి మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి నడిపించి పడుకున్నాం. ఉచిత వెర్షన్‌లో నాలుగు పాస్‌లు వస్తాయి. పొద్దున్న లేచేసరికి ఎర్రర్లు సున్నా.

మీరు ఇది చేయాల్సి వస్తే ఒక హెచ్చరిక: సాకెట్ పిన్నుల్ని వేలితో అస్సలు ముట్టుకోవద్దు. వంగిన పిన్ కనిపిస్తే అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వండి. ఏఎం4 రైజెన్లలో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. కూలర్‌ని ఒక్కసారిగా లాగితే ప్రాసెసర్ కూడా ఊడి వచ్చేస్తుంది. కాసేపు సిస్టమ్ నడిపి, పేస్ట్ వేడెక్కాక ఆఫ్ చేసి, మెల్లగా తిప్పుతూ తీయాలి.

కొనే ముందు చూసుకోవాల్సినవి

అన్నిసార్లూ తప్పు బిగింపులో ఉండదు. కొన్నిసార్లు స్టిక్కే బోర్డుకి సరిపడదు. పాత హెచ్61 బోర్డుల్లో స్లాట్‌కి 8 జీబీ, మొత్తం 16 జీబీయే పరిమితి. మీ బోర్డు పరిమితి ఎంతో మాన్యువల్‌లో చూడండి.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే 8 జీబీ డీడీఆర్3 స్టిక్‌లలో కొన్నిటి మీద "ఏఎండీకి మాత్రమే" అని రాసి ఉంటుంది. అవి ఇంటెల్ డెస్క్‌టాప్ బోర్డుల్లో పనిచేయవు. వాటిలో వాడే చిప్‌ల అమరికని ఇంటెల్ కంట్రోలర్ ఒప్పుకోదు. ధర చూసి తొందరపడితే డబ్బు పోయినట్టే.

వరస మర్చిపోవద్దు: ముందు రెండు అంకెలు, తర్వాత విండోస్, తర్వాత బయోస్, తర్వాత స్టిక్‌ల పరీక్ష, చివరగా కూలర్, సాకెట్. ఇవన్నీ అయ్యాకే "బోర్డు పోయింది" అనే మాట నమ్మండి.

మాకైన ఖర్చు ఒక థర్మల్ పేస్ట్ ట్యూబు. నాన్న ఆ 6 వేలు మళ్లీ బీరువాలో పెట్టేశారు. తమ్ముడు ఎమ్యులేటర్ తెరిచి, ఈసారి మౌస్ కదులుతోందని చూసుకుని, "ఇకమీదట నా సిస్టమ్‌కి పేస్ట్ నేనే వేసుకుంటాలే అన్నయ్యా" అన్నాడు. ఏమంటాం?